కృత్రిమ డీఎన్‌ఏ తయారీలో దోషాలకు మూలాలు – వరి ప్రజనన పరిశోధనలో వాటి ప్రాధాన్యం

గోదావరి డెల్టాలో సార్వా, దాళ్వా కాలాలు రెండింటిలోనూ వరి ప్రధానమైన పంట. ఈ ప్రాంతపు వరి రకాల చరిత్ర పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో 1925లో ఏర్పడిన పరిశోధనా కేంద్రంతో ముడిపడి ఉంది. 1982లో విడుదలైన స్వర్ణ (ఎంటీయూ 7029), 2000లో విడుదలైన కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) ఈ కేంద్రంలో రూపొందినవే. ఈ రెండు రకాలు డెల్టా సరిహద్దులు దాటి ఇతర రాష్ట్రాల పొలాలకు విస్తరించాయి. అంతటితో ఆగక, తరువాతి తరం పరిశోధనలకు ముడిసరుకుగా కూడా ఉపయోగపడ్డాయి. స్వర్ణలో ముంపును తట్టుకునే సబ్1 జన్యుభాగాన్ని ప్రవేశపెట్టగా లభించిన స్వర్ణ సబ్1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఎంటీయూ 1010లో డీఎస్‌టీ అనే జన్యువును సవరించి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 రకాన్ని 2025 మే 4న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి (బీపీటీ 5204) కూడా ఇదే బాటలో నడిచింది. ఎండాకు తెగులును తట్టుకునే ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 జన్యువులను చేర్చిన మెరుగైన సాంబ మసూరి హైదరాబాదులోని రెండు జాతీయ సంస్థల కృషి ఫలితంగా 2008లో విడుదలైంది.

ఈ మూడు విజయాల వెనుక కంటికి కనిపించని సామాన్యాంశం ఒకటి ఉంది. అది ప్రయోగశాలలో రసాయనికంగా తయారైన చిన్న డీఎన్‌ఏ ముక్క. మార్కర్ల ఆధారిత ఎంపికలో వాడే ప్రతి ప్రైమరు దాదాపు ఇరవై అక్షరాల పొడవున్న కృత్రిమ డీఎన్‌ఏయే. జన్యు సవరణలో కత్తెర ఎక్కడ పడాలో చెప్పే ఇరవై అక్షరాల మార్గదర్శక వరుసకు ఆధారం కూడా సాధారణంగా కృత్రిమ డీఎన్‌ఏయే. మన విద్యార్థులు ఈ ముక్కలను గొట్టాలలో తెప్పించుకుని, నీటిలో కరిగించి, పీసీఆర్ యంత్రంలో పెడుతున్నారు. అయితే గొట్టంపై ముద్రించిన వరుసే గొట్టం లోపల కూడా ఉన్నదన్న నమ్మకం ఎంతవరకు సమంజసం? ఆ నమ్మకం ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు అన్నది వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

సస్యశాస్త్రవేత్తకు రసాయన సంశ్లేషణతో పనేమిటన్న సందేహం కలుగవచ్చు. ప్రయోగశాలలో ‘నిరోధకత ఉంది’ అని తేల్చిన మొక్క చివరకు చేరేది పొలానికే. అక్కడ అది తెగులుకు లొంగిపోతే సమాధానం చెప్పవలసినవారు విస్తరణ శాస్త్రవేత్తలు, నష్టపోయేవారు రైతులు. కాబట్టి ఈ గొలుసులోని మొదటి కొక్కెం ఎలా తయారవుతుందో తెలిసి ఉండటం మనకు అవసరం.

కృత్రిమ డీఎన్‌ఏ తయారయ్యే విధానం

ఒక సంపూర్ణ జన్యువును రసాయనికంగా నిర్మించిన మొదటి ఘనత హరగోవింద ఖొరానాకు, ఆయన సహచరులకు దక్కింది. ఈస్టులోని అలనైన్ టీఆర్‌ఎన్‌ఏకు చెందిన 77 జంటల పొడవున్న జన్యువు నిర్మాణాన్ని వారు 1970లో ప్రకటించారు. ఆ పనికి ఏళ్ల తరబడి శ్రమ పట్టింది. నేడు అంతకంటే పొడవైన ముక్కలను యంత్రాలు కొన్ని గంటలలో తయారుచేస్తున్నాయి. ఈ మార్పుకు ప్రధాన కారణం 1980ల ఆరంభంలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మార్విన్ కారథర్స్ బృందం అభివృద్ధి చేసిన ఫాస్ఫోరమిడైట్ పద్ధతి. నేటికీ వాణిజ్య తయారీలో అధిక భాగం ఈ పద్ధతిపైనే ఆధారపడి ఉంది.

ఈ పద్ధతిలో సన్నని రంధ్రాలు గల గాజు రేణువుల వంటి ఘన ఆధారంపై మొదటి అక్షరాన్ని బంధించి ఉంచుతారు. దానిపై ఒక్కొక్క అక్షరాన్ని వరుసగా చేర్చుకుంటూ పోతారు. జీవకణంలో డీఎన్‌ఏ 5 ప్రైమ్ కొస నుండి 3 ప్రైమ్ కొస వైపు పెరుగుతుంది. యంత్రంలో మాత్రం ఇందుకు వ్యతిరేకంగా 3 ప్రైమ్ కొసతో మొదలై 5 ప్రైమ్ కొస వైపు పెరుగుతుంది. ఈ చిన్న భేదాన్ని గుర్తుంచుకోవాలి. దీని ప్రాధాన్యం ముందు ముందు తెలుస్తుంది.

ఒక్కొక్క అక్షరం చేరడానికి నాలుగు దశలు అవసరం. మొదటిది రక్షక సమూహం తొలగింపు. పెరుగుతున్న గొలుసు కొసకు డైమిథాక్సీట్రైటిల్ అనే మూత ఉంటుంది. దానిని ఆమ్లంతో తొలగిస్తారు. రెండవది జోడింపు. తరువాతి అక్షరాన్ని టెట్రజోల్ వంటి ఉత్తేజకంతో కలిపి గొలుసుకు అందిస్తారు. మూడవది మూతవేత. జోడింపుకు నోచుకోని గొలుసులు ఇక పెరగకుండా వాటి కొసలను ఎసిటిక్ ఆన్‌హైడ్రైడ్‌తో శాశ్వతంగా మూసివేస్తారు. నాలుగవది ఆక్సీకరణ. కొత్తగా ఏర్పడిన బంధాన్ని అయోడిన్ ద్రావణంతో స్థిరపరుస్తారు. ఈ చక్రం అక్షరానికి ఒకసారి చొప్పున తిరుగుతుంది. చివరకు అమ్మోనియాతో గొలుసులను ఆధారం నుండి విడదీసి, అక్షరాలకు తాత్కాలికంగా తొడిగిన రక్షక సమూహాలను కూడా తొలగిస్తారు.

దోషాలకు మొదటి మూలం: అసంపూర్ణ జోడింపు

నాట్లు వేసేటప్పుడు నూటికి ఒక కుదురు తప్పితే పెద్ద నష్టం లేదు. పక్క కుదుళ్లు ఎక్కువ పిలకలు వేసి ఆ ఖాళీని చాలావరకు పూడ్చుకుంటాయి. డీఎన్‌ఏ గొలుసుకు అటువంటి సర్దుబాటు గుణం లేదు. ఒక అక్షరం తప్పితే ఆ గొలుసు చివరిదాకా తప్పిన గొలుసే.

జోడింపు ఏనాడూ నూటికి నూరు పాళ్లు జరగదు. ప్రతి చక్రంలో 99 శాతం గొలుసులు కొత్త అక్షరాన్ని స్వీకరిస్తాయనుకుందాం. వినడానికి ఇది ఘనమైన సామర్థ్యమే. కాని ఈ 99 శాతం చక్రచక్రానికీ గుణించుకుంటూ పోతుంది. 20 అక్షరాల ప్రైమరుకు 19 జోడింపులు కావాలి. చివరకు పూర్తి పొడవు గొలుసులు సుమారు 83 శాతం మిగులుతాయి. 60 అక్షరాలకు ఇది 55 శాతానికి, 100 అక్షరాలకు 37 శాతానికి, 200 అక్షరాలకు 13.5 శాతానికి పడిపోతుంది. సామర్థ్యాన్ని 99.5 శాతానికి పెంచితే ఇవే పొడవులకు వరుసగా 91, 74, 61, 37 శాతం లభిస్తాయి. అంటే చక్రానికి అర శాతం మెరుగుదల 200 అక్షరాల గొలుసు దిగుబడిని దాదాపు మూడింతలు చేస్తుంది. పొడవైన ముక్కల ధర ఎందుకు పెరుగుతుందో, కొంత పొడవు దాటితే తయారీదారులు ఆర్డరు స్వీకరించడానికి ఎందుకు వెనుకాడతారో ఈ లెక్కే చెబుతుంది.

జోడింపు తగ్గడానికి ముఖ్య కారణం తేమ. ఉత్తేజితమైన అక్షరం గొలుసు కొసతో కలవడానికి ఎంత సిద్ధంగా ఉంటుందో నీటి అణువుతో కలవడానికీ అంతే సిద్ధంగా ఉంటుంది. ద్రావణిగా వాడే ఎసిటోనైట్రైల్‌లో లేశమాత్రమైన నీరు ఉన్నా అక్షరాలు వృథా అవుతాయి. అందుకే తయారీ కేంద్రాలు ద్రావణులను అనార్ద్రంగా ఉంచడానికి, సీసాలను ఆర్గాన్ వాయువు కింద నిల్వ చేయడానికి అంత శ్రద్ధ వహిస్తాయి. పాతబడిన రసాయనాలు, మూసుకుపోయిన గొట్టాలు, పొడవైన గొలుసుకు చాలనంత చిన్న రంధ్రాలున్న ఆధారం కూడా జోడింపును తగ్గిస్తాయి.

ఈ దశను గమనించడానికి చక్కని సాధనం ఒకటి ఉంది. ఆమ్లంతో తొలగిన ట్రైటిల్ సమూహం నారింజ రంగులో బయటకు వస్తుంది. ప్రతి చక్రంలోనూ ఆ రంగు గాఢతను కొలిస్తే అంతకు ముందు చక్రంలో జోడింపు ఎంత జరిగిందో తెలిసిపోతుంది. ఒక చక్రంలో రంగు హఠాత్తుగా తగ్గితే లోపం ఎక్కడ మొదలైందో గుర్తించవచ్చు.

రెండవ మూలం: మూతవేత లోపం, మిగిలిపోయిన రక్షక సమూహం

జోడింపు జరగని గొలుసుకు సరిగా మూత పడితే అది పొట్టి గొలుసుగా మిగిలిపోతుంది. పొడవులో తేడా ఎక్కువగా ఉంటుంది కాబట్టి శుద్ధి చేసేటప్పుడు దానిని వేరుచేయడం సులభం. మూత పడకపోతే ఆ గొలుసు తరువాతి చక్రంలో మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. నడుమ ఒక అక్షరం మాత్రమే లోపించి, మిగిలిన వరుస అంతా సరిగానే ఉంటుంది. 60 అక్షరాల గొలుసుల నడుమ 59 అక్షరాల గొలుసును వేరుచేయడం కష్టమైన పని.

మొదటి దశలో ఆమ్లం సరిగా పనిచేయక రక్షక సమూహం మిగిలిపోయినా ఫలితం ఇదే. ఆ గొలుసు ఆ చక్రంలో కొత్త అక్షరాన్ని స్వీకరించదు. మూత కూడా పడదు. తరువాతి చక్రంలో యథావిధిగా పెరుగుతుంది. కృత్రిమ డీఎన్‌ఏలో ఒక అక్షరం లోపించడం అత్యంత సామాన్యమైన దోషం కావడానికి కారణం ఈ రెండు మార్గాలూ ఒకే గమ్యానికి చేరడమే.

ఇందుకు విరుద్ధంగా, ఒకే చక్రంలో రెండు అక్షరాలు చేరిపోవడం కూడా జరుగుతుంది. ఉత్తేజకం స్వయంగా కొద్దిపాటి ఆమ్ల గుణం కలది. అది కొత్త అక్షరం మీది రక్షక సమూహాన్ని సమయానికి ముందే తొలగిస్తే ఆ కొసకు అదే అక్షరం మరొకటి అతుక్కుంటుంది. ఇది లోపం కన్నా అరుదు.

మూడవ మూలం: ఆమ్లం వల్ల కలిగే గాయం

రక్షక సమూహాన్ని తొలగించే ఆమ్లం గొలుసునే గాయపరచగలదు. ఎ, జి అనే ప్యూరిన్ అక్షరాలు చక్కెర నుండి ఊడిపోయి, అక్కడ అక్షరం లేని ఖాళీ మిగులుతుంది. చివర అమ్మోనియాతో శుభ్రపరిచేటప్పుడు గొలుసు సరిగ్గా ఆ ఖాళీ వద్ద తెగిపోతుంది. 100 అక్షరాల గొలుసులో ముందుగా చేరిన అక్షరాలు దాదాపు వంద సార్లు ఆమ్లంలో మునుగుతాయి. చివర చేరినవి కొద్దిసార్లు మాత్రమే మునుగుతాయి. కాబట్టి పొడవు పెరిగేకొద్దీ ఈ గాయాల సంఖ్య పెరుగుతుంది. ఆమ్లాన్ని తగ్గిస్తే రక్షక సమూహం మిగిలిపోయి అక్షరం లోపిస్తుంది. ఆమ్లాన్ని పెంచితే ప్యూరిన్లు రాలిపోతాయి. ఎరువు మోతాదు వలె ఇక్కడ కూడా రెండు నష్టాల మధ్య సమతుల్యం పాటించవలసిందే.

నాలుగవ మూలం: అక్షరం మారిపోవడం

గొలుసు పొడవు సరిగానే ఉండి, ఒక అక్షరం స్థానంలో మరొకటి చదవబడే దోషాలు కూడా ఉన్నాయి. అమ్మోనియా చర్యలో సి అక్షరం తన అమైనో సమూహాన్ని కోల్పోతే యురాసిల్‌గా మారుతుంది. ప్రతిరూపాన్ని తయారుచేసే ఎంజైము దానిని టి గా చదువుతుంది. మూతవేత రసాయనాలు జి అక్షరంతో చర్య జరిపితే, అది తరువాత ఎ గా చదవబడవచ్చు. రక్షక సమూహాలు పూర్తిగా తొలగకపోతే ఆ అక్షరం తన జతను సరిగా గుర్తించలేదు. ఇవి అరుదైనవే. కాని పొడవును బట్టి వేరుచేసే ఏ శుద్ధి పద్ధతికీ ఇవి చిక్కవు.

గొట్టంలో ఉన్నది వరుస కాదు, వరుసల సమూహం

పై విషయాలను కలిపి చూస్తే ఒక ముఖ్యమైన సత్యం బోధపడుతుంది. గొట్టంపై ముద్రించినది ఒకే ఒక వరుస. గొట్టంలో ఉన్నది కోట్లాది అణువుల సమూహం. వాటిలో అధిక భాగం సరైనవి, కొంత భాగం పొట్టివి, కొంత భాగం అక్షరం తప్పినవి. విత్తన శాస్త్రం తెలిసిన మనకు ఈ భావన కొత్తది కాదు. విత్తన సంచిపై రకం పేరు ఒకటే ఉంటుంది. సంచిలో మాత్రం జన్యుస్వచ్ఛత ఇంత శాతం అని చెప్పుకుంటాము. వరి మూల విత్తన క్షేత్రంలో బెరుకులు 0.05 శాతానికి, ధ్రువీకరణ విత్తన క్షేత్రంలో 0.20 శాతానికి మించరాదని ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. బెరుకులు అసలే లేని క్షేత్రం ఉండాలని ఏ ప్రమాణమూ అడగదు. ఏ అవసరానికి ఎంత స్వచ్ఛత చాలునో మాత్రమే అది చెబుతుంది. కృత్రిమ డీఎన్‌ఏ విషయంలోనూ మనం వేయవలసిన ప్రశ్న ఇదే.

పీసీఆర్ క్షమిస్తుంది, క్లోనింగ్ క్షమించదు

పీసీఆర్‌లో ఒక్కొక్క నమూనాకూ కోట్లాది ప్రైమరు అణువులు పాల్గొంటాయి. అందులో పదోవంతు దోషయుక్తమైనా, ఆ దోషాలు వరుస పొడవునా చెదిరి ఉంటాయి. ఏ ఒక్క దోషమూ ఆధిక్యం పొందదు. సరైన అణువులు పనిని పూర్తిచేస్తాయి. పైగా గొలుసు 3 ప్రైమ్ కొసతో మొదలవుతుందని ముందే చూశాము. మూత పడిన పొట్టి గొలుసులలో లోపించేది 5 ప్రైమ్ వైపు అక్షరాలు. డీఎన్‌ఏ పాలిమరేజ్ పని మొదలుపెట్టేది 3 ప్రైమ్ కొస నుండి. కాబట్టి ఒకటి రెండు అక్షరాలు తగ్గిన ప్రైమరు కూడా తరచుగా పనిచేస్తుంది. సాధారణ మార్కరు పనికి లవణాలు మాత్రమే తొలగించిన ప్రైమరు చాలునని చెప్పడానికి ఆధారం ఇదే.

క్లోనింగ్‌లో పరిస్థితి పూర్తిగా భిన్నం. ఒక బ్యాక్టీరియా సముదాయం ఒకే అణువు నుండి పెరుగుతుంది. ఆ అణువు దోషయుక్తమైతే దాని సంతతి అంతా దోషయుక్తమే. బెరుకు మొక్క గింజనే ఏరి మరుసటి కాలానికి విత్తనంగా వాడినట్లు అవుతుంది. జన్యు సవరణకు మార్గదర్శక వరుసను క్లోన్ చేసినప్పుడు ఒక అక్షరం తప్పిపోతే కత్తెర పడవలసిన చోట పడకపోవచ్చు. ప్రత్యేకించి కత్తెర స్థానానికి దగ్గరగా ఉండే పది పన్నెండు అక్షరాలలో తప్పు సహించరానిది. ఆ తప్పును గమనించకుండా కణజాల వర్ధనం మొదలుపెడితే నెలల శ్రమ వృథా అవుతుంది. పీసీఆర్ ఉత్పత్తిని క్లోన్ చేసినప్పుడు కూడా ప్రైమరు ఆక్రమించిన రెండు కొసలలో దోషాలు కనిపించడం ఇందువల్లనే.

పూర్తి జన్యువును చిన్న ముక్కలతో కూర్చేటప్పుడు ఈ లెక్క మరింత కఠినమవుతుంది. 300 అక్షరాలకు ఒక దోషం ఉన్నదనుకుంటే, 1000 అక్షరాల జన్యువులో ఒక్క తప్పూ లేని క్లోన్లు నూటికి మూడు నాలుగు మాత్రమే. దోషాన్ని 1000 అక్షరాలకు ఒకటిగా తగ్గిస్తే అవి 37 శాతానికి, 3000 అక్షరాలకు ఒకటిగా తగ్గిస్తే 72 శాతానికి పెరుగుతాయి. అందుకే జతకుదరని చోట్లను గుర్తించే మ్యూట్‌ఎస్ వంటి ప్రోటీన్లతోను, అటువంటి చోట్లను కత్తిరించే ఎంజైములతోను దోషయుక్త అణువులను తొలగిస్తారు. ఇది విత్తన క్షేత్రంలో బెరుకులు ఏరివేయడం వంటి పనియే. ఆ తరువాత కూడా ప్రతి క్లోన్ వరుసను చదివి నిర్ధారించుకున్నాకే వాడాలి. ఈ చివరి మెట్టుకు ప్రత్యామ్నాయం లేదు.

క్షమకు అందని దోషాలు: మనుషుల వల్ల కలిగేవి

యాదృచ్ఛిక రసాయన దోషాలను పీసీఆర్ క్షమిస్తుంది. గొట్టంలోని అణువులన్నీ ఒకే విధంగా తప్పినప్పుడు ఆ క్షమకు చోటు లేదు. అటువంటి దోషాలకు మూలం ఎక్కువగా యంత్రంలో కాక మన బల్లపైనే ఉంటుంది.

ఆర్డరు ఇచ్చేటప్పుడు వరుసను ఒక వ్యాసం నుండి చూసి వ్రాసుకోవడంలో అక్షరం జారిపోవడం, వరుసను 5 ప్రైమ్ కొస నుండి కాక తలకిందులుగా వ్రాయడం, వెనుక ప్రైమరుకు పూరక వరుసను తీసుకోవడం మరచిపోవడం, ముందు వెనుక ప్రైమర్ల పేర్లు తారుమారు కావడం ఈ కోవకు చెందినవి. తయారీ కేంద్రంలో ఒకే శుద్ధి పరికరంపై వేర్వేరు ముక్కలు నడిచినప్పుడు లేశమాత్రంగా కలిసిపోవడం మరొకటి. జెల్‌పై బ్యాండు చూసే పనికి ఈ కలయిక పెద్దగా అడ్డు కాదు. ఒకేసారి అనేక నమూనాల వరుసలు చదివే పనిలో, నమూనా గుర్తులుగా వాడే ముక్కలు కలిసిపోతే మాత్రం ఒక మొక్క ఫలితం మరొక మొక్క ఖాతాలో పడుతుంది.

తయారీదారులు గొట్టంతో పాటు ద్రవ్యరాశి పరీక్ష నివేదికను పంపవచ్చు. దాని పరిమితిని విద్యార్థులు గ్రహించాలి. ఆ పరీక్ష అణువు మొత్తం బరువును చెబుతుంది. అక్షరం లోపిస్తే పట్టిస్తుంది. అవే అక్షరాలు వేరే క్రమంలో ఉంటే బరువు మారదు కాబట్టి పట్టించదు. మనమే తప్పు వరుస పంపి ఉంటే, ‘తప్పు వరుస సరిగా తయారైంది’ అని మాత్రమే ఆ నివేదిక ధ్రువీకరిస్తుంది.

ఒక్క అక్షరం వెనుక ఒక పంటకాలం

ఎక్స్ఏ5 జన్యువును పరిశీలిస్తే ఈ విషయం ప్రాధాన్యం స్పష్టమవుతుంది. ఎండాకు తెగులుకు లొంగే రూపానికీ, తట్టుకునే రూపానికీ మధ్య ఉన్న తేడా కేవలం రెండు అక్షరాలు. వాటి మార్పు వల్ల ప్రోటీనులో 39వ స్థానంలోని వాలిన్ గ్లుటమిక్ ఆమ్లంగా మారుతుంది. ఈ రెండు రూపాలను వేరుచేసే మార్కరులో ప్రైమరు కొస అక్షరాలే తీర్పు చెబుతాయి.

పైగా ఇది అంతర్గత లక్షణం. ఒక ప్రతి మాత్రమే ఉన్న మొక్క పొలంలో తెగులుకు లొంగుతుంది. కాబట్టి పునఃసంకరణ తరాలలో ఆ జన్యువు ఉన్న మొక్కను కంటితో గుర్తించే మార్గం లేదు. మార్కరు ఒక్కటే ఆధారం. ఒక సార్వాలో 300 పునఃసంకరణ మొక్కలు పెంచామనుకుందాం. నిరోధక రూపాన్ని గుర్తించవలసిన ప్రైమరు తప్పు వరుసతో వచ్చి ఉంటే, ఏ మొక్కలోనూ ఆ బ్యాండు కనిపించదు. ‘జన్యువు రాలేదు’ అని విద్యార్థి నిర్ణయించి మొక్కలను వదిలివేస్తాడు. పూత ముగిసిపోతుంది. తప్పు తెలిసేసరికి సంకరణకు మొక్క ఉండదు. పోయినది ఒక గొట్టం ధర కాదు, ఒక పంటకాలం. పరిశోధక విద్యార్థికి అది సిద్ధాంత వ్యాసం గడువు కావచ్చు. రైతుకు అది నిరోధక రకం రావడంలో మరో ఏడాది జాప్యం.

దీనికి విరుద్ధమైన తప్పు మరింత ప్రమాదకరం. రెండు రూపాలనూ చూపవలసిన మార్కరులో ఒక రూపం సరిగా వృద్ధి చెందకపోతే, మిశ్రమ మొక్క శుద్ధమైనదిగా కనబడుతుంది. దానిని స్థిరమైన నిరోధక వంశంగా ముందుకు పంపితే, తరువాతి తరంలో లొంగే మొక్కలు విడివడతాయి. డెల్టా పొలంలో తుపాను గాలుల తరువాత ఎండాకు తెగులు విజృంభించినప్పుడు ఆ పొరపాటు బయటపడుతుంది.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ప్రైమరు వరుసను చేతితో తిరిగి వ్రాయరాదు. మూల దత్తాంశం నుండి నేరుగా నకలు తీసుకుని, వరి జన్యుక్రమంతో పోల్చి, స్థానమూ దిశా సరిచూసుకున్న తరువాతే ఆర్డరు ఇవ్వాలి. ఆర్డరును మరొకరు చదివి సరిచూడాలి.

2. అవసరానికి తగిన స్వచ్ఛతను ఎంచుకోవాలి. సాధారణ మార్కర్లకు లవణాలు తొలగించిన ప్రైమరు చాలు. పొడవైన ముక్కలకు, క్లోనింగ్‌కు వాడేవాటికి హెచ్‌పీఎల్‌సీ లేదా జెల్ శుద్ధి అవసరం కావచ్చు. శుద్ధి ఎంత మెరుగైనదైనా క్లోన్ వరుసను చదివించడం మానరాదు.

3. ఎండిన డీఎన్‌ఏ గొట్టం మూతకు అంటుకుని ఉండవచ్చు. మూత తీసే ముందు గొట్టాన్ని తప్పక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. గొట్టంపై ఇచ్చిన నానోమోల్ సంఖ్యను పదితో గుణించి, అన్ని మైక్రోలీటర్ల ద్రావణం కలిపితే 100 మైక్రోమోలార్ గాఢత వస్తుంది.

4. ఒట్టి స్వేదనజలం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించి కొద్దిగా ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం ప్యూరిన్లకు హాని చేస్తుందని తెలుసుకున్నాము కనుక టీఈ బఫరులో కరిగించి, చిన్న చిన్న భాగాలుగా పంచి, మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంచాలి. రాజమహేంద్రవరం నుండి నరసాపురం వరకు గాలిలో తేమ అధికం. చల్లని గొట్టాన్ని గది ఉష్ణోగ్రతకు వచ్చాకే తెరవాలి. విద్యుత్ అంతరాయాల వల్ల గడ్డకట్టడం, కరగడం పదే పదే జరగకుండా చూడాలి.

5. ప్రతి పీసీఆర్‌లో నాలుగు సరిచూపులు ఉండాలి: లొంగే రకం, తట్టుకునే రకం, ఆ రెండింటి డీఎన్‌ఏల మిశ్రమం, డీఎన్‌ఏ లేని నీరు. ఎండాకు తెగులుకైతే సాంబ మసూరి, మెరుగైన సాంబ మసూరి ఇందుకు సహజమైన జంట. మిశ్రమంలో రెండు బ్యాండ్లూ రాకపోతే ఆ రోజు ఫలితాన్ని పరిగణించరాదు.

6. కొత్త గొట్టం రాగానే విలువైన మొక్కలపై వాడరాదు. పాత గొట్టంతో ఫలితం తెలిసిన నమూనాలపై రెండింటినీ పక్కపక్కన పరీక్షించాలి. ఇందుకోసం పాత గొట్టంలో కొంత మిగిల్చి ఉంచాలి. తయారీ సంఖ్య, వచ్చిన తేదీ, కరిగించిన తేదీ ప్రయోగ పుస్తకంలో నమోదు కావాలి.

7. బ్యాండు రాకపోవడాన్ని జన్యువు లేకపోవడంగా భావించరాదు. తట్టుకునే సరిచూపులో బ్యాండు వచ్చి, మొక్కలో రానప్పుడు మాత్రమే ఆ నిర్ణయానికి రావాలి. అప్పుడు కూడా అదే మొక్క డీఎన్‌ఏ నుండి మరొక ప్రైమరు జతతో బ్యాండు వస్తున్నదో లేదో చూడాలి. ఫలితం నిర్ధారణ అయ్యేవరకు మొక్కలను తొలగించరాదు.

8. తుది తీర్పు పొలానిదే. ఎంపికైన వంశాలకు గరిష్ఠ పిలకల దశలో ఆకు కొసలను కత్తిరించి బ్యాక్టీరియా ద్రావణం సోకించి, రెండు వారాల తరువాత మచ్చ పొడవు కొలవాలి. మార్కరు చెప్పినదీ, ఆకు చెప్పినదీ ఏకీభవించనప్పుడు ముందుగా అనుమానించవలసినది మార్కరును.

యంత్రాలు మెరుగుపడుతున్నాయి. ఎంజైములతో డీఎన్‌ఏను అక్షరం అక్షరంగా చేర్చే కొత్త పద్ధతులు ఆమ్ల గాయాలను తప్పించగలవు. అయినా ప్రతి చక్రంలో కొంత లోపం, అది చక్రచక్రానికీ గుణించుకోవడం అనే లెక్క వాటికి కూడా వర్తిస్తుంది. విత్తన సంచి వచ్చినప్పుడు మొలక శాతం చూడకుండా నారుమడిలో చల్లే అలవాటు మనకు లేదు. ఆ అలవాటునే కృత్రిమ డీఎన్‌ఏ గొట్టానికి కూడా వర్తింపజేస్తే, పరీక్షకు పట్టే ఒక పూట కాలం డెల్టా రైతుకు ఒక పంటకాలాన్ని ఆదా చేస్తుంది.